పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ ఇవాళే రాసుకో తల్లీ

చిట్టితల్లీ,

దసరా రోజు డెలివరీ తీసుకున్న కారు ఫోటో మీ పెద్దమ్మ ఫోన్‌లో చూశాను. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు, పక్కన కొబ్బరికాయ పట్టుకుని మీ అమ్మ. జీఎస్టీ తగ్గేదాకా ఆగి కొన్నావని మీ నాన్న చెప్పాడు, మంచి పని చేశావు. సొంత జీతంతో కారు కొన్న ఆడపిల్ల మన ఇంట్లో నువ్వే మొదటిదానివి. చాలా సంతోషమమ్మా.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, బంకు దగ్గర పొల్యూషన్ టెస్టు చేసే వ్యాన్ అతను ఆపి "మేడం, పొల్యూషన్ లేదు మీకు, చేయించుకోండి, పోలీసులు పట్టుకుంటారు" అన్నాడని. ఫోన్‌లో సగం సగం చెప్పాను, అందుకే కూర్చుని రాస్తున్నా. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఇంజిన్ల మధ్యే బతికినవాణ్ణి, ఈ కాగితం గురించి మాత్రం నా మాట విను.

ముందు నీ భయం తీరుస్తా. కొత్త కారుకి మొదటి ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వ రూల్ ఉంది, అందులో స్పష్టంగా ఉంటుంది: బండి మొదటిసారి రిజిస్ట్రేషన్ అయిన తేదీ నుంచి ఏడాది నిండాకే సర్టిఫికెట్ దగ్గర ఉండాలి. ఎవరైనా ఆపి అడిగితే ఆర్సీ చూపించి, రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర వేలు పెట్టి, "ఇంకా ఏడాది కాలేదు సార్" అని మర్యాదగా చెప్పు, చాలు.

కానీ ఇక్కడే చాలామంది తేదీ తప్పు పట్టుకుంటారు. ఏడాది అనగానే మనకి గుర్తుండేది పూజ చేయించిన రోజు. లేకపోతే ఇన్సూరెన్స్ మొదలైన రోజు. లేకపోతే బండి తయారైన నెల. ఇవేవీ లెక్కలోకి రావు. నువ్వు షోరూం నుంచి టీఆర్ నంబరుతో, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో, బయటికొచ్చింది అక్టోబర్ 2న, నువ్వు పంపిన ఆర్సీ ఫోటోలో రిజిస్ట్రేషన్ తేదీ 14 అక్టోబర్ 2025 అని ఉంది. కాబట్టి నీ లెక్క 14 నుంచి. 2026 అక్టోబర్ 13 దాకా నీకు ఏ ఇబ్బందీ లేదు, ఆ లోపు మొదటి టెస్టు చేయించెయ్. ఈ ఉత్తరం చదవడం పూర్తవగానే ఫోన్ క్యాలెండర్‌లో 2026 అక్టోబర్ 5న ఒక అలారం పెట్టుకో. తర్వాత పెడతాలే అనుకోవద్దు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఆ 'తర్వాత' రాదు.

మొదటి టెస్టు అయ్యాక సర్టిఫికెట్ ఎన్నాళ్లు నడుస్తుందన్నది బండిని బట్టి ఉంటుంది. బండి పొగకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్ని బీఎస్ అంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమ్మే కార్లు బీఎస్-6, అంతకు ముందు 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4. ఈ రెండు రకాలకీ సర్టిఫికెట్ పన్నెండు నెలలు చెల్లుతుంది. అంతకంటే పాత బండ్లకి ఆరు నెలలే. మీ నాన్న పాత స్కూటర్ ఇంకా ఇంట్లో ఉంది కదా, దానికి ఆరు నెలలకోసారి చేయించాలి, నీ కారుతో కలిపి ఏడాది అనుకుంటే పొరపాటే. పూర్తి ఎలక్ట్రిక్ బండ్లకి ఈ గొడవే లేదు. సీఎన్‌జీ కార్లకి మాత్రం ఉంది, గ్యాస్ కదా పొగ రాదు కదా అని కొందరు వాదిస్తారు, ఆ వాదన చెల్లదు.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను, ఎందుకంటే నీకూ సరిగ్గా ఇదే జరిగే అవకాశం ఉంది. నా కారు సర్టిఫికెట్ 2023 ఫిబ్రవరి 20 దాకా ఉండేది. సంక్రాంతికి అందరం ఊళ్లు తిరగాలి, ఎందుకొచ్చిన టెన్షన్ అని ముందుగానే జనవరి 9న టెస్టు చేయించేశాను. మంచి పనే. కానీ కొత్త సర్టిఫికెట్ టెస్టు చేసిన రోజు నుంచి లెక్కే, పాతదాని గడువు చివరి నుంచి కాదు. అంటే నా కొత్త గడువు 2024 జనవరి 8. నా బుర్రలో మాత్రం ఏళ్ల తరబడి ఫిబ్రవరి 20 అనే ముద్ర పడిపోయింది. మరుసటి ఏడు జనవరి చివర్లో హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దాటాక ఆపారు, అన్ని కాగితాలూ ధీమాగా తీసిచ్చాను. ఆయన చూసి "పెద్దాయనా, ఇది అయిపోయి రెండు వారాలు దాటింది" అన్నాడు. మీ పెద్దమ్మ, మనవరాలు కారులో కూర్చుని చూస్తున్నారు. డబ్బు సంగతి అలా ఉంచు, ముప్పై ఏళ్లు పది మందికి బండ్లు బాగుచేసి జాగ్రత్తలు చెప్పినవాణ్ణి, నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. అప్పటి నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నా: సర్టిఫికెట్ చేతికి రాగానే, కారు స్టార్ట్ చేయకముందే, దాని మీదున్న గడువు తేదీ చూసి పాత అలారం తీసేసి కొత్తది పెడతాను. నువ్వూ అలాగే చెయ్. గడువుకి వారం ముందు చేయిస్తే చాలు, మరీ నెల ముందు వెళ్తే ఆ రోజులన్నీ ఊరికే పోతాయి.

జరిమానా ఎంత అని అడిగావు. మోటారు వాహనాల చట్టంలో 190(2) సెక్షన్ కింద 2019 సెప్టెంబర్ నుంచి పదివేల దాకా వేయొచ్చు, మూడు నెలల దాకా జైలుశిక్ష కూడా రాసి ఉంది, లైసెన్సు మూడు నెలలు పక్కన పెట్టే వీలుంది. రోడ్డు మీద వేసే మొత్తం ఆయా రాష్ట్రాలు నిర్ణయిస్తాయి కాబట్టి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. టెస్టుకయ్యే ఖర్చు దీని ముందు ఎంతమ్మా, ఒక పూట బయట టిఫిన్ చేసినంత.

ఇన్సూరెన్స్ సంగతి కూడా నీ ఆఫీసులో ఎవరో భయపెట్టారన్నావు. పొల్యూషన్ లేకపోతే ఇన్సూరెన్స్ రెన్యూ చేయొద్దని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, దాంతో బండ్లకి ఇన్సూరెన్సే లేకుండా పోతోందని 2024 జూలైలో ఆ షరతును కోర్టే తీసేసింది. ప్రమాదం జరిగినప్పుడు పొల్యూషన్ లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2020లోనే చెప్పింది. అయినా ఈ ధైర్యంతో గడువు దాటించుకోకు.

ఇక టెస్టు ఎలా చేయించాలన్నది అసలు సంగతి. నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది దీని గురించే.

కొన్నిచోట్ల బండి పక్కన ఆపగానే నంబర్ ప్లేటు ఫోటో కొట్టి, పైపు సైలెన్సర్‌లో పెట్టకుండానే ప్రింటు తీసి చేతిలో పెట్టేస్తారు. రెండు నిమిషాల్లో పని అయిపోయిందని మనమూ సంతోషపడి వచ్చేస్తాం. అలా తీసుకోకు. "బాబూ, పైపు పెట్టి చెయ్యి, నాకు తొందర లేదు" అని చెప్పు. పెట్టనంటే ఇంకో చోటికి వెళ్లు. పైపు ఊరికే అంచున ఆనించడం కాదు, దాదాపు ఒక అడుగు లోపలికి వెళ్లాలి, లేకపోతే బయటి గాలి కలిసి అంకెలు తప్పు వస్తాయి.

ఇంటి ముందు నుంచి తీసిన చల్లటి కారుతో టెస్టుకి వెళ్లకు. పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది, సుమారు మూడు వందల డిగ్రీలు దాటాలి. ఓ ఇరవై నిమిషాలు నడిపాక, ఔటర్ రింగ్ రోడ్డు మీద నుంచి వచ్చాక అయితే మరీ మంచిది, నేరుగా వ్యాన్ దగ్గరికి వెళ్లు. అక్కడ క్యూ ఉంటే ఇంజిన్ ఆపి అరగంట నిలబడొద్దు, మళ్లీ చల్లారుతుంది. ఏసీ ఆపు, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వెయ్. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగే సౌకర్యం నీ కారులో ఉంది కదా, ఆ బటన్ నొక్కి దాన్ని ఆపెయ్.

తర్వాత దిగి వెళ్లి కంప్యూటర్ తెర పక్కన నిలబడు. ఎవరూ ఏమీ అనుకోరు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, సీఓ అని ఒక అంకె కనిపిస్తుంది, అది కార్బన్ మోనాక్సైడ్, నీ పెట్రోల్ కారుకి 0.3 శాతం దాటకూడదు. దాని పక్కన హెచ్‌సీ, అంటే కాలకుండా బయటికొచ్చే పెట్రోల్, అది 200 లోపు ఉండాలి. తర్వాత ఇంజిన్‌ని 2500 ఆర్‌పీఎం దగ్గర నిలబెడతారు, అప్పుడు సీఓ 0.2 లోపు, గాలీ పెట్రోలూ సరైన పాళ్లలో కలుస్తున్నాయో లేదో చెప్పే లాంబ్డా అనే అంకె 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. కొత్త కారు, వేడి ఇంజిన్ అయితే సీఓ దాదాపు సున్నాలో ఉంటుంది, హెచ్‌సీ కూడా తక్కువే ఉంటుంది. పాసా ఫెయిలా అన్నది ఒక్కటే చూసి వచ్చెయ్యకు. మనకి షుగరు, బీపీ రిపోర్టులు ఎలాగో ఇంజిన్‌కి ఇది అలాగ. ఏటా ఆ స్లిప్పు ఫోటో తీసి ఒకే ఫోల్డర్‌లో దాచు. మొదటి ఏడు హెచ్‌సీ 15, మరుసటి ఏడు 20, ఆపై ఏడు 110 వచ్చిందనుకో, సర్టిఫికెట్ పాస్ అనే వస్తుంది, కానీ లోపల స్పార్క్ ప్లగ్ సరిగా కాల్చడం లేదని ఆ అంకె చెప్తోంది. సీఓ పెరుగుతుంటే ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్ చూపించు. లాంబ్డా 1.03 దాటితే సైలెన్సర్ లైనులో ఎక్కడో లీకు ఉండొచ్చు. నా దగ్గరికి వచ్చిన కార్లలో ఎన్నో, ఓనర్ డ్యాష్‌బోర్డ్ పెట్టెలో నలిగి పడున్న పాత స్లిప్పులు వరసగా పేర్చి చూస్తేనే జబ్బు దొరికింది.

ఫెయిల్ అయితే కంగారు పడొద్దు. రిజెక్షన్ స్లిప్పు ఇస్తారు, అందులో ఏ అంకె దాటిందో ఉంటుంది, అది పట్టుకుని సర్వీసుకి వెళ్లి బాగుచేయించి మళ్లీ టెస్టు చేయించు. "ఇంకో వంద ఇవ్వండి, పాస్ చేసేస్తా" అనేవాడు ఎవరైనా ఉంటే అక్కడ నిలబడకు తల్లీ.

నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మీ అపార్ట్‌మెంట్‌కి వచ్చినప్పుడు సెల్లార్‌లో చూశాను, వాచ్‌మన్ గది మెట్ల పక్కనే ఉంది. వాళ్ల చిన్నపాప కార్ల వెనక కింద కూర్చుని గిన్నెలతో ఆడుకుంటోంది. మన సైలెన్సర్ ఆ పిల్ల ముఖం ఎత్తులో ఉంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాల్లోనే పొగ ఎక్కువ చెడ్డది, కన్వర్టర్ ఇంకా పనిలోకి రాదు కాబట్టి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, పీల్చినవాళ్లకి తెలియదు. కాబట్టి సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఫోన్ చూసుకుంటూ కూర్చోకు, వేడెక్కాలని నిలబెట్టకు, స్టార్ట్ చేసిన అర నిమిషంలో మెల్లగా బయటికి తీసెయ్. నడుస్తూనే వేడెక్కుతుంది. మీ ఫ్లాట్ల వాళ్లందరికీ ఈ ఒక్క మాట చెప్పగలిగితే చెప్పు.

కాగితాల సంగతి కొంచెం. 2021 నుంచి దేశమంతటికీ సర్టిఫికెట్ ఒకే నమూనాలో ఉండాలని కేంద్రం రూలు పెట్టింది, క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఓనర్ మొబైల్ నంబరు తప్పనిసరి. ఇందులో ఒక చిక్కు చూశాను. షోరూముల్లో హడావుడిలో ఒక్కోసారి రిజిస్ట్రేషన్‌లో కొన్నవాళ్ల నంబరు బదులు అక్కడి కుర్రాడి నంబరు పడిపోతుంది. అప్పుడు వచ్చే మెసేజ్‌లన్నీ అతనికే పోతాయి. నీ నంబరే ఉందో లేదో ఇప్పుడే చూసుకో, ఏడాది తర్వాత వ్యాన్ దగ్గర నిలబడి వెతుక్కునే పని ఉండదు. సర్టిఫికెట్ ఇవ్వగానే బండి నంబరు ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చదివి సరిచూడు, ఇంధనం దగ్గర పెట్రోల్ అని ఉందో లేదో చూడు. ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో బండి నంబరు, ఛాసిస్ నంబరు చివరి ఐదు అంకెలు కొడితే వివరాలు కనిపించాలి, అక్కడున్నప్పుడే చూసుకుంటే తప్పుంటే అప్పుడే దిద్దించొచ్చు. డిజిలాకర్‌లో గానీ ఎం-పరివాహన్‌లో గానీ ఉన్న కాపీ అసలుతో సమానం, వాట్సాప్‌లో దాచుకున్న ఫోటో అలా కాదు. కాగితం కూడా ఒకటి కారులో పెట్టుకో, ఎండకి అక్షరాలు చెరిగిపోతాయి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి డ్యాష్‌బోర్డ్ పెట్టె లోపల ఉంచు.

తెలంగాణలో చేయించిన సర్టిఫికెట్ ఇక్కడికి, ఆంధ్రాకి వచ్చినా చెల్లుతుంది, సరిహద్దు దాటితే కొత్తది కావాలని ఎవరైనా అంటే నమ్మకు. వచ్చే ఏడు మీ అన్నయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడు ఊళ్లో షెడ్డులో ఉన్న అతని కారు తీస్తాడు, దానికి కూడా గడువు చూడమని చెప్పు. నెలల తరబడి కదలని బండి రోడ్డెక్కిన మొదటి రోజే ఈ కాగితం లేక దొరికిపోతుంది. అది డీజిల్ కాబట్టి టెస్టులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు, ముందు ఇంజిన్ ఆయిల్, కూలెంట్ చూడకుండా, టైమింగ్ బెల్టు గడువు చూడకుండా ఆ టెస్టుకి పంపొద్దు. నాకు ఫోన్ చేయమను, నేనే వచ్చి చూస్తా.

నీ మొదటి టెస్టు అవగానే స్లిప్పు ఫోటో నాకు పంపు. అంకెలు నేను చూస్తాను. కళ్లద్దాలు మార్పించుకున్నా, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది, కానీ ఫోటో మాత్రం వెలుతురులో తియ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న