లారీ డ్రైవర్ ఉద్యోగం: జీతం, ఇంట్లో గడిపే సమయం రెండింటినీ కలిపి లెక్క వేయడం ఎలా?

ప్రశ్న: నేను దూరప్రయాణాల లారీ నడుపుతున్నాను. నెలలో నాలుగు రోజులకు మించి ఇంట్లో ఉండలేకపోతున్నాను. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. ఇప్పుడు రెండు ఉద్యోగాలు వచ్చేలా ఉన్నాయి. మొదటిది రెండు గోదాముల మధ్య ఒకే రూటులో సరుకు చేరవేసే పని. శని, ఆదివారాలు సెలవు, జీతం 12 శాతం తక్కువ. రెండోది ఊళ్లోనే సరుకు అందించే పని. రోజూ ఇంటికి రావచ్చు కానీ జీతం 26 శాతం తగ్గుతుంది. లోను వాయిదాలు ఇంకా 14 నెలలు ఉన్నాయి. సొంత లారీ కొనుక్కుంటే నచ్చినప్పుడు ఇంటికి రావచ్చని స్నేహితులు అంటున్నారు. ఏది ఎంచుకోవాలి?

జవాబు: మీరు పంపిన ఖర్చుల వివరాలను బట్టి చూస్తే, ప్రస్తుతానికి ఒకే రూటు ఉద్యోగంలో చేరి, లోను తీరిన కొద్ది నెలలకు ఊళ్లో పనికి మారడం మీకు అన్ని విధాలా మేలు. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు మరో కంపెనీ నుంచి పిలుపు వచ్చినా మీరే ఇదే లెక్క వేసుకోవలసి ఉంటుంది.

మీ ప్రస్తుత జీతాన్ని 100 అనుకుందాం. ఇందులో దారిలో భోజనం, స్నానం, పార్కింగ్, ఫోను వంటి వాటికి 14 పోతోంది. మీరు లేనందువల్ల పిల్లలను బడికి దింపడానికీ, ఇంటి మరమ్మతులకూ ఇతరులకు చెల్లించేది మరో 5. అంటే ఇంటికి నిజంగా మిగిలేది 81. ఒకే రూటు ఉద్యోగంలో జీతం 88 అయినా, దారి ఖర్చు 6కూ, ఇతరులకు చెల్లించేది 2కూ తగ్గుతాయి కనుక 80 మిగులుతుంది. కాగితం మీద 12 శాతం తగ్గుదలగా కనిపించేది చేతిలో ఒక్క శాతమే. ఊళ్లో పనికి వచ్చే 74లో రాకపోకలకూ, మధ్యాహ్న భోజనానికీ 7 తీసివేస్తే మిగిలేది 67.

ఇక కాలం సంగతి. డ్రైవర్లు పని గంటలను స్టీరింగు పట్టుకున్న గంటలతోనే కొలుచుకుంటారు. ఇంటివైపు నుంచి చూస్తే, లారీలో పడుకున్న రాత్రి కూడా మీరు లేని రాత్రే. ఇప్పుడు మీరు నెలలో 26 రోజులు, అంటే 624 గంటలు, బయట ఉంటున్నారు. సోమవారం వేకువన బయలుదేరి శుక్రవారం రాత్రి చేరే పనిలో ఇది సుమారు 475 గంటలు; రోజుకు 12 గంటల చొప్పున నెలకు 26 రోజులు చేసే ఊళ్లో పనిలో 312. బయట గడిపిన ప్రతి వంద గంటలకు ఇంటికి చేరే మొత్తం ఇప్పుడు 13 ఉంటే, ఒకే రూటు పనిలో దాదాపు 17, ఊళ్లో పనిలో 21 దాటుతుంది. ఎక్కువ జీతమని మీరు అనుకుంటున్న ఉద్యోగమే నిజానికి మీ కాలానికి అన్నిటికన్నా తక్కువ వెల కడుతోంది.

అయినా ఊళ్లో పనిని ఇప్పుడే ఎంచుకోమని చెప్పలేకపోవడానికి కారణం లోను. మీ ఇంటి ఖర్చు 48, వాయిదా 20, బీమా ప్రీమియంలు 4, మొత్తం 72. ఊళ్లో పనిలో మిగిలే 67తో నెలకు 5 లోటు పడుతుంది, ఆ లోటు క్రెడిట్ కార్డు మీదకు చేరుతుంది. ఒకే రూటు పనిలో నెలకు 8 మిగులుతుంది. దాన్ని తాకకుండా పక్కన పెడితే లోను తీరేసరికి 112 అవుతుంది. తరువాత మరో రెండు నెలలు అక్కడే కొనసాగితే నెలకు 28 చొప్పున 56 కలిసి 168 చేతిలో ఉంటుంది. వాయిదా లేని మీ ఇంటికి నెలకు 52 చాలు కనుక, అది మూడు నెలల ఖర్చుకు మించిన అత్యవసర నిధి. అప్పుడు ఊళ్లో పనిలో వచ్చే 67 సరిపోవడమే కాదు, నెలకు 15 మిగులుతుంది కూడా.

అయితే ఊళ్లో పని అంటే తేలిక అనుకోవద్దు. తెల్లవారుజామున మూడింటికే మొదలయ్యే డ్యూటీలు, రోజంతా ఎక్కుతూ దిగుతూ సరుకు దించవలసిన డ్యూటీలు అందులో చాలా ఉంటాయి. రోజూ ఇంటికి వచ్చినా నిద్రకే సరిపోతే మీ పిల్లలకు దక్కేది పెద్దగా ఉండదు. కాబట్టి చేరే ముందు డ్యూటీ వేళలు, సరుకు ఎవరు దించాలన్నది తప్పక అడగండి.

జీతం దేన్నిబట్టి లెక్కిస్తారన్నది జీతం ఎంత అన్నదానికన్నా తక్కువ ముఖ్యం కాదు. దూరాన్ని బట్టి చెల్లించే చోట లోడింగు దగ్గర ఆగిన గంటలు తరచుగా డ్రైవర్ నెత్తినే పడతాయి. అమెరికా నియమాల ప్రకారం, పది గంటల విశ్రాంతి తరువాత డ్యూటీ మొదలైన 14 గంటల లోపలే 11 గంటల వరకూ బండి నడపవచ్చు. గోదాము ముందు ఐదు గంటలు ఆగిపోతే సాధారణంగా ఆ కాలం 14 గంటల్లోనే కరిగిపోయి, నడపడానికి తొమ్మిదే మిగులుతాయి. అంటే ఆ రోజు సంపాదనలో దాదాపు అయిదో వంతు పోయినట్టు. ఐరోపా సమాఖ్యలో రోజుకు తొమ్మిది గంటలు, వారానికి రెండుసార్లు మాత్రం పది గంటలు నడపవచ్చు. దూరాన్ని బట్టి ఇచ్చే చెల్లింపు రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చేదైతే దాన్ని అక్కడ చట్టమే అనుమతించదు. 2020 నుంచి డ్రైవర్ ప్రతి నాలుగు వారాల లోపల ఇంటికి గానీ కంపెనీ స్థావరానికి గానీ తిరిగి వెళ్లగలిగేలా పని ఏర్పాటు చేయవలసిన బాధ్యతను కూడా కంపెనీల మీద పెట్టారు. మీరు ఎక్కడ పనిచేసినా, ఆగిన గంటలకు ఎంత ఇస్తారు, ఎన్ని గంటల తరువాత నుంచి ఇస్తారు, ఖాళీ బండితో తిరిగి వచ్చే దూరాన్ని లెక్కిస్తారా అన్న ప్రశ్నలకు సమాధానం తెలియకుండా రెండు జీతాలను పోల్చలేరు. జీతం తక్కువ చూపి బత్తా ఎక్కువ ఇస్తామంటే, పదవీ విరమణ నిధి, ప్రమాద పరిహారం దేని మీద లెక్కిస్తారో కూడా కనుక్కోండి.

సొంత లారీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇప్పుడు వద్దు. టైర్లు, రిపేర్లు, బీమా, ఖాళీగా తిరిగి రావడం అన్నీ మీ ఖాతాలోకి వస్తాయి. వాయిదా తేదీకి పండుగ లేదు, పిల్లల పరీక్ష లేదు. ఒక లోను నుంచి బయటపడబోతూ అంతకన్నా పెద్దదానిలో చేరితే, ఇంటికి రావడం మానుకునేది మీరే. కంపెనీయే లారీని అద్దెకిచ్చి, జీతంలో కోసుకుంటూ చివరికి సొంతం చేస్తానంటే మరింత జాగ్రత్త అవసరం. అమెరికాలో ఇటువంటి ఒప్పందాలను పరిశీలించిన ప్రభుత్వ కార్యబృందం 2025 జనవరిలో వాటిని నిషేధించాలనే సిఫారసు చేసింది.

బీమాను ఒక్కసారి సరిచూసుకోండి. మీ పాలసీలు మరణానికి మాత్రమే వర్తిస్తాయి; వెన్ను, చూపు, గుండె సమస్యతో లైసెన్సు ఆగిపోతే ఆదాయానికి ఆధారం లేదు. మిగిలే 8లో ఒక పాలు ఇందుకు కేటాయించవలసి వస్తే, ఊళ్లో పనికి మారడం కొద్ది నెలలు వెనక్కి జరిగినా ఫర్వాలేదు.

చివరగా, ఒకే రూటు కంపెనీ ఇస్తానన్న శని, ఆదివారాల సెలవును నియామక పత్రంలో రాయించుకోండి. సెలవు రోజున పిలిస్తే అదనంగా ఎంత ఇస్తారన్నది కూడా అందులోనే ఉండాలి. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు డ్రైవర్లను కలిసి, గడచిన రెండు నెలల్లో ఎన్ని శుక్రవారాలు అనుకున్న వేళకు ఇల్లు చేరారో అడగండి. వారి సమాధానం తృప్తికరంగా ఉండి, పత్రం చేతికి వచ్చిన తరువాతే ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి.