ట్రేస్ నొక్కే ముందు

చిరంజీవి అమ్మలుకి మావయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఫైల్ చూశాను. తాతా బామ్మల ఫోటోని ప్లైవుడ్‌లో కోసి, కింద పేర్లు పెట్టాలన్నావు. స్క్రీన్ మీద బాగానే కనిపిస్తోంది. జూమ్ చేస్తే మాత్రం బామ్మ చీర అంచు దగ్గరే లెక్కలేనన్ని చిన్న ముక్కలున్నాయి. ఇలాగే మెషిన్‌కి ఇచ్చావంటే లేజర్ ఒక్కో ముక్క చుట్టూ తిరుగుతుంది, చెక్క మాడిపోతుంది.

ఆ ఫోటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చింది కదా, నలిగింది అక్కడే. అంచుల్లో పడిన మరకలు మన కంటికి ఆనవు. ట్రేస్ అంటే ఫోటోని కోత గీతలుగా మార్చడమే కదా, అది ఆ మరకల్నీ గీతలుగా మార్చేస్తుంది. ఫోటో పంపినవాళ్లని మళ్లీ డాక్యుమెంట్‌గా పంపమను. అసలు ఫోటో వాళ్ల దగ్గరుంటే తెప్పించుకుని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యి. వెనకున్న గోడ, కుర్చీ చెరిపేసి, నలుపు తెలుపు చేసి, అప్పుడు ట్రేస్ దగ్గరికి వెళ్లు.

నువ్వు బొమ్మ గీసే ఇంక్‌స్కేప్‌లో థ్రెషోల్డ్, అంటే ఎంత ముదురుంటే నలుపుగా తీసుకోవాలో చెప్పే అంకె, మొదట 0.45 దగ్గర ఉంటుంది. నువ్వు దాన్ని కదపనేలేదు. అందుకే తాతగారి చెంప సగం నల్లగా వచ్చింది. ముఖానికి సరిపోయిన అంకె చీరకి సరిపోదు. రెండుసార్లు ట్రేస్ చేసి, దేనిలో ఏది బాగుంటే అది ఉంచుకో. తర్వాత గీతల్ని నునుపు చేసే సింప్లిఫై ఒకసారి చాలు, ఎక్కువైతే ముక్కు మొన అరిగిపోతుంది.

కళ్లు, కనుబొమలు, పెదవి చివరలు మాత్రం ట్రేస్‌కి వదలొద్దు అమ్మలూ. ఫోటోని కింద లేయర్‌లో పెట్టుకుని, పెన్ టూల్‌తో నువ్వే గియ్యి. పోలిక ఉండేది అక్కడే. పెదవి చివర ఒక్క మిల్లీమీటరు కిందికి జారినా నవ్వుతున్న బామ్మ దిగులుగా కనిపిస్తుంది. ఒక పూట పట్టినా పట్టనీ.

ఇక పేర్లు. అక్షరాల్ని పలకలో రంధ్రాలుగా కోస్తే ర, మ లాంటి వాటి లోపలి గుండ్రం ఊడిపోతుంది. నేను మొదట్లో ఒక గుడికి 'శ్రీరామ' బోర్డు కోసినప్పుడు ఆ ముక్కలన్నీ కింద ట్రేలో పడ్డాయి. కొత్త షీట్ తెచ్చి మళ్లీ కోసిచ్చాను. లోపలి ముక్కని బయటి చెక్కకి కలుపుతూ రెండేసి మిల్లీమీటర్ల వంతెన వదులు. అక్షరాల్నే విడిగా కోసి అతికించాలంటే చిక్కు ఇంకోలా వస్తుంది: 'అమ్మ'లో మ వత్తు పై అక్షరానికి తగలదు, వేరే ముక్కగా వచ్చేస్తుంది. కొన్ని ఫాంట్లలో తలకట్టు కూడా విడిపోతుంది. వత్తునీ తలకట్టునీ అక్షరంలోకి కాస్త జరిపి యూనియన్ కొట్టు, అన్నీ కలిసి ఒకే ముక్కవుతాయి. ఇంగ్లీషు బోర్డులు కోసే వాళ్లకి ఈ సంగతి తట్టదు, మనకి ప్రతి పేరులోనూ తగులుతుంది.

పెన్సిల్ బొమ్మలు వస్తే సెంటర్‌లైన్ ట్రేసింగ్ వాడు, అది గీత మధ్యలోంచి ఒక్క గీతే తీస్తుంది. మామూలు ట్రేస్ ఒక్కో గీతకి రెండు అంచులు తీస్తుంది, లేజర్ రెండుసార్లు కాలుస్తుంది.

మెషిన్‌కి ఇచ్చే డీఎక్స్‌ఎఫ్ ఫైల్ సేవ్ చేసేటప్పుడు యూనిట్లు మిల్లీమీటర్లేనా చూసుకో. అవతల అంగుళాలుగా చదివితే బొమ్మ 25.4 రెట్లవుతుంది. ముందు అట్టముక్క మీద ఒకసారి కోసి చూడు.

ముఖాలు గీశాక ఆ లేయర్ ఒక్కటీ నాకు పంపు, పక్కనే అసలు ఫోటో కూడా పెట్టు. రాత్రి చూసి ఫోన్ చేస్తాను.

మీ మావయ్య