ముందు స్తంభం నంబరు రాసుకోమను

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

తొమ్మిది దేశాల యువతకు పది రోజుల పౌర చైతన్య శిక్షణ నీకు అప్పజెప్పారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. నువ్వు పంపిన కార్యక్రమం పట్టిక కూడా చూశాను. మొదటి మూడు రోజులూ ఉపన్యాసాలే. వాటిని తీసెయ్యి తల్లీ. ఒక్కటి ఉంచుకో, అదీ అరగంటకు మించకుండా.

ముందు, వాడే మాట దగ్గర జాగ్రత్త. పౌరసత్వం అనగానే చాలామందికి పాస్‌పోర్టే గుర్తొస్తుంది. నీ బృందంలో శరణార్థిగా బతుకుతున్న కుర్రాడో, ఏ దేశమూ తనదని ఒప్పుకోని పిల్లో ఉండొచ్చు. మొదటి గంటలోనే ‘పౌరులుగా మన బాధ్యత’ అని మొదలుపెడితే వాళ్ళ తలలు వాలిపోతాయి. నేను కళ్ళారా చూశాను. అందుకని ‘నువ్వుండే చోట ఏది మారాలి? దాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది?’ అని అడుగు. దీనికి జవాబివ్వడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

దేశదేశానికీ ఉన్న తేడాలు నువ్వు చెప్పకు, వాళ్ళ నోటనే రానివ్వు. మీ దగ్గర ఓటు ఎన్నేళ్ళకి వస్తుందని అడిగి, ఆ వయసు ప్రకారం వరసలో నిలబెట్టు. ఆస్ట్రియా అమ్మాయి 16 దగ్గర నిలబడుతుంది, అక్కడ 2007లో తగ్గించారు. బ్రెజిల్ అబ్బాయీ అక్కడే ఉంటాడు కానీ, 18 నిండాక ఓటు తప్పనిసరి అంటాడు. ఆస్ట్రేలియా వాళ్ళుంటే ఓటెయ్యకపోతే జరిమానా అని చెబుతారు. ఇక వాదన దానంతటదే రాజుకుంటుంది. నువ్వు గడియారం చూసుకుంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. పది రోజుల్లో ఒక్క పని, ఎంత చిన్నదైనా సరే, నిజమైనది, మొదటినుంచి చివరిదాకా వాళ్ళ చేత చేయించు. ఒకసారి మా శిక్షణలో పిల్లలు బస్టాపు దగ్గర వీధిదీపం వెలగడం లేదని పట్టుకున్నారు. రాత్రంతా కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశారు. ప్రజాస్వామ్యం, గౌరవం, భద్రత, అన్నీ ఉన్నాయందులో. మర్నాడు ఆఫీసులో గుమస్తా ఓపిగ్గా చదివి, ‘స్తంభం నంబరెంత?’ అని అడిగాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక్కి వెళ్ళి చూస్తే తుప్పు పట్టిన రేకు మీద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఒకమ్మాయి తడి రుమాలుతో తుడిచింది, ఇంకొకరు ఫోను లైటు వేసి పట్టుకున్నారు, మూడోవాడు రాసుకున్నాడు. ముగ్గురిదీ మూడు భాషలు. రెండో అర్జీ ఏడు వాక్యాలకు మించలేదు: ఏ స్తంభం, ఎన్నాళ్ళనుంచి, ఎవరు ఇబ్బంది పడుతున్నారు, ఏ తేదీలోగా జవాబు కావాలి. నా ఉపన్యాసాలన్నీ కలిపినా నేర్పలేనిది ఆ రేకు నేర్పింది. ఆ దీపం వెలిగినా వెలగకపోయినా, అర్జీ ఏ బల్ల దగ్గర ఆగిందో కనుక్కోవడందాకా వాళ్ళే వెళ్ళాలి. వాళ్ళ బదులు నువ్వు ఫోను చేసి పని జరిపించావో, అంతా పాడుచేసినట్టే.

ఆ అరగంట ఉపన్యాసంలో పోర్టో అలెగ్రీ గురించి చెప్పు. ఆ బ్రెజిల్ నగరంలో 1989 నుంచి పేటల వారీగా సభలు పెట్టి, నగరం డబ్బులో కొంత భాగం దేనికి ఖర్చు పెట్టాలో జనాన్నే తేల్చమన్నారు. చెప్పి ఊరుకోకు. శిక్షణ ఖర్చులో కొంత వాళ్ళ చేతికిచ్చి తేల్చుకోమను. తమ మాట నెగ్గనివాళ్ళు అలిగి కూర్చుంటారు. వాళ్ళ పక్కన కూర్చో, అక్కడే చాలా పాఠం ఉంది.

పిల్లల భాగస్వామ్యం మీద పరిశోధన చేసిన రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లనీ, అంటే వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, మొక్కుబడిగా పిలవడం, అసలు భాగస్వామ్యంగానే లెక్కపెట్టలేదు. ముగింపు సభలో పిల్లల చేత జెండాలు పట్టించి ఫొటోలు తీస్తామని పట్టికలో రాశావు. అది రెండో మెట్టు. తీసెయ్యి.

ఫొటోల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒక దేశంలో మామూలు సంతకం ఇంకో దేశంలో ఇంటికి పోలీసుల్ని తెస్తుంది. ఒకబ్బాయి తన ఫొటో బయటికి రాకూడదని ముందే చెప్పాడు. హడావుడిలో మేము మరిచిపోయి పెట్టేశాం. గంటలో తీసేసినా, మిగిలిన రోజులన్నీ అతను ముభావంగానే ఉన్నాడు. ఆ బాధ నాకింకా పోలేదు. మొదటి రోజే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడుగు, రాసిపెట్టుకో.

మౌనంగా ఉన్నవాళ్ళను చూసి ఆసక్తి లేదనుకోకు. అందరికీ వచ్చిన భాషలో వాళ్ళకి మాట ఆలస్యంగా వస్తుందంతే. ప్రశ్న వేశాక ఐదు నిమిషాలు సొంత భాషలో రాసుకోనిచ్చి, తర్వాతే చెప్పమను. ఎక్కువ మాట్లాడేవాళ్ళకు ఆ ఐదు నిమిషాలూ కష్టంగా ఉంటుంది, ఉండనివ్వు.

చివరి రోజు ప్రతి ఒక్కరూ తమ ఊరికెళ్ళి నెలలోపు కలవబోయే ఒక అధికారి హోదా, తేదీ రాసి ఇంకో దేశం స్నేహితుడి చేతిలో పెట్టాలి. ఆ తేదీన ఫోను చేసి అడగడం ఆ స్నేహితుడి పని. మూడో నెల ఫోను మాత్రం నువ్వే చెయ్యి. వెళ్ళలేకపోయామని చెప్పేవాళ్ళతో ఎక్కువసేపు మాట్లాడు.

కొత్త పట్టిక తయారయ్యాక పంపు, చూస్తాను.