పట్టికలు నింపితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మ్-డి ముగించి ప్రజారోగ్య పీజీ అయిన ఎంపీహెచ్‌లో చేరింది. నెలల తరబడి స్కోపింగ్ రివ్యూ అంటూ పరిశోధనా పత్రాల్లోని వివరాలు ఎక్సెల్‌లో ఎక్కిస్తోంది. మా బావగారి అబ్బాయి డేటా సైన్స్ కోర్సు చేసి మంచి జీతం తెచ్చుకుంటున్నాడు. ఈమెనూ అందులో చేర్పించాలా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మేనల్లుడి జీతం గురించి రాశారు. అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్కా రాయలేదు. ఆరేళ్లు చదివించినా ఇంకా సంపాదన లేదన్నది మీ దిగులు. అది సహజమే, కానీ ఆ కోపం ఎక్సెల్ మీద చూపకండి.

స్కోపింగ్ రివ్యూ అంటే ఒక అంశం మీద ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వెతికి, వాటిలో ఏముందో ఒకచోట చేర్చడం. ఆమె ఏం చేస్తోందో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. పత్రం సారాంశంలో 200 మంది రోగులని ఉంటుంది, లోపలి పట్టికలో 188 మందే తేలతారు. మిగతావారు మధ్యలో మానేశారా, లెక్క తప్పా? ఏ సంఖ్య ఎక్కించాలి? ముందు రెండు మూడు పత్రాలతో వివరాలు నింపే ఫారాన్ని పరీక్షిస్తారు. తర్వాత ఇద్దరు విడివిడిగా నింపి, తేడా వచ్చినచోట వాదించుకుని తేల్చుకుంటారు. సగంలో కొత్త గడి అవసరమైతే పూర్తయిన పత్రాలన్నీ మళ్లీ తెరవాల్సిందే. విసుగు పుట్టించే పనే. స్కోపింగ్ రివ్యూలను ఎలా రాయాలో చెబుతూ 2018లో వచ్చిన ప్రిస్మా మార్గదర్శకాల ప్రకారం, వివరాలను ఎలా సేకరించారో వ్యాసంలో చెప్పి తీరాలి కూడా.

డేటా సైన్స్ పేరిట నడిచే పొట్టి కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఎవరో శుభ్రం చేసిపెట్టిన డేటా ఇస్తారు. ఎవరి రెజ్యూమే తీసినా టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో అంచనా వేసే అదే ప్రాజెక్టు. మందుల గురించి ఇంత చదివిన పిల్ల వెళ్లి ఆ వరుసలో చివరన ఎందుకు నిలబడాలి? ఈ పనంతా ఏఐ చేసేస్తుందని కూడా మీకెవరో చెప్పే ఉంటారు. చేయనివ్వండి. అది 188 బదులు 200 రాస్తే పట్టుకోవడానికి మళ్లీ ఇలాంటివారే కావాలి.

మెడికల్ రైటింగ్, హెల్త్ ఎకనమిక్స్, మందులూ పరికరాలూ ఖర్చుకు తగ్గ ఫలితమిస్తాయా అని తేల్చే హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ రంగాల్లో ఈ నైపుణ్యం పనికొస్తుంది. తొలి జీతం మేనల్లుడి కంటే తక్కువే కావచ్చు. స్కోపింగ్ రివ్యూలో అధ్యయనాల నాణ్యతను తూచడం తప్పనిసరి కాదు. అందుకే తర్వాత, ఆ నాణ్యతను కూడా తూచి ఒక నిర్దిష్ట ప్రశ్నకు జవాబు వెతికే సిస్టమాటిక్ రివ్యూలోనూ పనిచేయమనండి.

రచయితల్లో తన పేరుంటుందా అని మాత్రం అడగండి. వైద్య పత్రికల సంపాదకుల నిబంధనల ప్రకారం వివరాలు సేకరించినంత మాత్రాన రచయిత కారు, రాతలోనూ పాలుండాలి. పద్ధతుల భాగం తానే రాస్తానని గైడుకు ఈ వారమే చెప్పమనండి. పట్టికలన్నీ అయ్యాక అడిగితే ఎవరూ వినరు.