1950, 60లలో ఢిల్లీలో పెరిగిన నాన్నగారిని ఏమని అడగాలి?

మీ ప్రశ్న ఇది: నాన్నగారు 1950లలో, 60ల మొదట్లో ఢిల్లీ ప్రభుత్వ క్వార్టర్లలో పెరిగారు, ఆ రోజుల ముచ్చట్లు రాసిపెట్టాలని మీరు కూర్చుంటే ఆయన "బాగుండేవమ్మా ఆ రోజులు" అని ఊరుకుంటున్నారు, ఏం అడిగితే చెబుతారు?

ఎలా ఉండేదని అడగకండి. ఇంట్లో మీ వంతు పని ఏమిటని అడగండి. ఆ కాలపు ఢిల్లీలో పిల్లలకి ప్రతి కాలంలోనూ ఇంటి పని ఒకటి, మేడమీద పని ఒకటి ఉండేవి. "అంగీఠీ ఎవరు అంటించేవారు?" అని ఒక్క మాట అని చూడండి. ఆ ఊళ్ళో పెరిగినవాళ్ళెవరైనా అరగంట మాట్లాడతారు. అడిగేవాళ్ళకి కూడా కొంచెం తెలిసుంటే తవ్వుకుంటూ పోవచ్చు, అందుకే ఈ వివరాలు.

అంగీఠీ అంటే మన కుంపటే, కాకపోతే ఇనప బక్కెట్టుతో చేసింది. బక్కెట్టు అడుగుకి దగ్గరగా, పక్కన అరచేయంత కిటికీ కోస్తారు. గాలి లోపలికి పోవాలన్నా, బూడిద బయటికి లాగాలన్నా అదే దారి. దానికి పైన, ఎత్తులో సుమారు మూడో వంతు దగ్గర ఇనప ఊచలు అడ్డంగా దూరుస్తారు. ఊచల పైనుంచి అంచుదాకా లోపలి గోడకి బంకమట్టిలో గోధుమ పొట్టు కలిపి రెండు వేళ్ళ మందాన మెత్తుతారు. పొట్టు తగ్గితే మట్టి ఆరేటప్పుడే నెర్రెలిస్తుంది. ఎండలో పెట్టి తొందరగా ఆరబెట్టినా అంతే, రెండు మూడు రోజులు నీడలో ఆరాలి. అంచుమీద మూడు మట్టి ముద్దలు నిలబెట్టడం మరిచిపోకూడదు. అవి లేకపోతే గిన్నె అంచుకి అతుక్కుని, పొగకి దారి లేక నిప్పు చచ్చిపోతుంది.

అంటించడంలోనే పనితనం ఉంది. ఊచలమీద చిత్తుకాగితం, దానిమీద పిడక ముక్కలు, సన్నపుల్లలు, ఆపైన నాలుగు కట్టెబొగ్గులు, అన్నిటికంటే పైన రాక్షసిబొగ్గు. దీన్ని అక్కడ పత్థర్ కా కోయలా అంటారు. ముక్కలు పెద్ద నిమ్మకాయంత ఉండాలి. కొబ్బరికాయంత వేస్తే కింద పిడక కాలిపోయినా బొగ్గు అందుకోదు. పొడి పడితే ఊచల సందులు పూడుకుపోతాయి. నిప్పు కింద కిటికీలోంచి పెట్టాలి, కిటికీని గాలి వచ్చే వైపుకి తిప్పాలి. తర్వాత విసనకర్ర. ఈ విసనకర్ర పనే పిల్లలది. అరగంట పడుతుంది. పసుపుపచ్చ పొగ కక్కినంతసేపూ అంగీఠీ గుమ్మం బయటే ఉండాలి. అందుకే డిసెంబరు సాయంత్రాల్లో వీధి పొడుగునా ప్రతి ఇంటిముందూ ఒక బక్కెట్టు పొగలు పోస్తూ ఉండేది. చలికి ఆ పొగ పైకి లేవక తల ఎత్తున వీధిలోనే నిలిచిపోయేది. ఆ కాలపు ఢిల్లీ పిల్లలకి చలికాలం అంటే ముందు గుర్తొచ్చేది ఆ వాసనే.

పొగ పోయి, బొగ్గులమీద సన్నటి నీలిమంట ఆడుతుంటే చాలామంది అంగీఠీ తయారైందనుకునేవారు. ఆ నీలిమంట కార్బన్ మోనాక్సైడ్ కాలుతున్న గుర్తు. మంట ఆగిపోయి ఎర్రటి నిప్పులు మిగిలాక ఆ వాయువు కాలకుండానే గదిలోకి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసి, అంగీఠీ మంచం పక్కన పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి ప్రాణాలు పోగొట్టుకోవడం ఉత్తరాదిలో ఇప్పటికీ ప్రతి చలికాలం జరుగుతోంది. సరదాకి కూడా గదిలో పెట్టవద్దు. ఆ రోజుల్లో జాగ్రత్త తెలిసిన ఇళ్ళలో పడుకునేముందు అంగీఠీని ఆరుబయట పెట్టేసేవారు. మీ ఇంట్లో ఎవరు పెట్టేవారో అడగండి.

బొగ్గు బస్తా అడుగున మిగిలే పొడిని పారేసేవారు కాదు. నాలుగు పాళ్ళ పొడికి ఒక పాలు బంకమట్టి, పిడికెడు పేడ కలిపి, నీళ్ళు చిలకరించి లడ్డూల్లా చుట్టి మేడమీద ఎండబెట్టేవారు. వాటిని గోలే అంటారు. మట్టి ఎక్కువైతే బూడిద తప్ప వేడి రాదు, తక్కువైతే ఎత్తగానే పొడైపోతాయి. ఆదివారం పూట పిల్లల చేతులు మోచేతిదాకా నల్లగా ఉండేవి దీనివల్లే.

చలికాలానికి ఇంకొక్క మాట, రజాయీ, అంటే దూది నింపిన బొంత. దూదేకులవాళ్ళు పెద్ద విల్లు భుజాన వేసుకుని, నారి మోగించుకుంటూ అక్టోబరులో వీధుల్లోకి వచ్చేవారు. ఒక మనిషి రజాయీకి రెండు మూడు సేర్ల దూది. వాడగా వాడగా దూది గడ్డకట్టి, మధ్యలో ఖాళీ పడి, సరిగ్గా వీపు దగ్గర చలి కొడుతుంది. అందుకని రెండు మూడేళ్ళకోసారి కుట్లు విప్పి దూది ఏకించి మళ్ళీ నింపాలి.

ఇక ఎండాకాలం. ముందు ఒకటి తేల్చుకోండి, వాళ్ళ క్వార్టరు కిందిదా, పైదా? కింద ఉన్నవాళ్ళు పెరట్లోనో, ఎదుటి గడ్డిలోనో మంచాలు వేసుకునేవారు, పైవాళ్ళు డాబామీద. జ్ఞాపకాలు పూర్తిగా వేరు. డాబా అయితే సాయంత్రం నీళ్ళు చల్లే పని పిల్లలదే. ఒక్కసారి చల్లితే చాలదు. పొద్దుండగా పోసిన మొదటి బక్కెట్లు ఆవిరై, వేడి మొహానికి కొడుతుంది. పొద్దుగూకాక రెండోసారి చల్లితేనే పది గంటలకి నడుం వాల్చగలరు. నులక మంచం నడుమ వేలాడుతుంటే కాళ్ళవైపు తాడు, దాన్ని అద్వాన్ అంటారు, ఒక్కో వరసా లాగి బిగించాలి. ఒకేచోట గట్టిగా లాగితే పట్టె వంకరపోయి మంచం మూడు కాళ్ళమీద నిలబడుతుంది. మంచం కోళ్ళ సందుల్లో నల్లులుంటే మరిగే నీళ్ళు పోసి, రోజంతా ఎండలో ఉంచేవారు. అర్ధరాత్రి ఆంధీ లేస్తే, అంటే దుమ్ముగాలి, దోమతెర కర్రలతో సహా ఎగిరిపోయేది. అప్పుడు ఎవరు పరుపు పట్టుకోవాలి, ఎవరు సురాహీ పట్టుకోవాలి అన్నది ప్రతి ఇంట్లో ముందే ఖాయం.

సురాహీ అంటే సన్నటి మెడ ఉన్న కూజా. కొత్తది తేగానే ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, మొదటి నీళ్ళు పారబోయాలి, లేకపోతే మట్టి వాసన. మట్టి రంధ్రాల్లోంచి నీరు చెమర్చి ఆరితేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. నీళ్ళలోని ఉప్పు ఆ రంధ్రాల్లో పేరుకుపోతుంది కాబట్టి పాతబడ్డ సురాహీ చల్లబరచదు. ఏటేటా కొత్తది కొనడానికి కారణం అదే.

వర్షాకాలం గాలిపటాలది. ఇక్కడ మన హైదరాబాదువాళ్ళు పొరపడతారు, సంక్రాంతికి అనుకుంటారు. ఢిల్లీలో ఆగస్టు 15 అసలు పండుగ. జనవరిలో అక్కడ పొగమంచు, మేలో వడగాలి. జూలై, ఆగస్టుల్లో వాన వెలిసినప్పుడు వచ్చే తడిగాలే ఎగరేయడానికి అనువు. కొనేది పాత ఢిల్లీలోని లాల్ కువాన్‌లో. పటం నడుమ నిలువు బద్దని ఠడ్డా అంటారు, వంచిన బద్దని కాంప్. కన్నాలకి దారం కట్టడం మీదే అంతా ఉంది. రెండు బద్దలు కలిసేచోట మూలలకి రెండు కన్నాలు, తోకకి కొంచెం పైన ఠడ్డాకి రెండువైపులా రెండు. పైదారం, కిందిదారం దాదాపు సమానంగా తీసుకుని, కిందిది ఒక వేలు ఎక్కువ ఉంచి ముడెయ్యాలి. కిందిది ఇంకా పొడవైతే పటం ముందుకి వాలి, గాలి పట్టక నేలకి దిగుతుంది. పొట్టిదైతే ముక్కు పైకెత్తి గింగిరాలు కొడుతుంది. పటం ఎప్పుడూ ఎడమకే ఒరుగుతుంటే కుడివైపు కొసకి చిన్న గుడ్డపీలిక కడతారు, కుడికి ఒరిగితే ఎడమవైపు. చిరిగితే మైదా ఉడికించిన జిగురు, దాన్ని లేఈ అంటారు, అది లేకపోతే అన్నం మెతుకు. అతుకు కాగితం పెద్దదైతే బరువెక్కి మళ్ళీ పీలిక కట్టాల్సి వస్తుంది.

మాంజాకి ఉడికిన అన్నం మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించిన గాజుపొడి, రంగు కలిపి, రెండు గుంజల మధ్య లాగి కట్టిన దారానికి పూసేవారు. వానాకాలపు తేమకి అన్నపు పూత మెత్తబడుతుంది. ఉదయం కోసిన మాంజా సాయంత్రానికి కోయకపోవడం అందుకే. చేతికి దగ్గరగా వదిలే భాగం మాత్రం సద్దీ, అంటే పూత లేని ఉత్త నూలు దారం, వేళ్ళు తెగకుండా. ఇది చదివి ఇప్పుడు చేయబోకండి. గొంతులు తెగి మనుషులు, రెక్కలు తెగి పక్షులు చనిపోతుంటే 2017 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం నైలాను మాంజాతోపాటు గాజు పూసిన దారాన్నీ నిషేధించింది, ఉత్త నూలుకే అనుమతి. ఆ నిషేధం సరైనదని గట్టిగా నమ్ముతాను. మాంజా లేకుండా కూడా పటం ఎగురుతుంది.

మాటల్లో సంవత్సరాలు కలగాపులగం అవుతాయి. పెద్దవాళ్ళని "ఏ ఏడాది?" అని గుచ్చకండి, వస్తువుని పట్టుకోండి. చాందినీ చౌక్ ట్రామ్ ఎక్కానంటే 1963కి ముందు, ఆ ఏడే ట్రాములు ఆగిపోయాయి. అణాలతో కొన్నానంటే 1957 ఏప్రిల్ 1కి ముందని చెప్పబోయేరు, జాగ్రత్త. నయాపైసలు వచ్చాక కూడా జనం ఏళ్ళతరబడి అణాల్లోనే మాట్లాడారు. "నయా" అన్న మాట నాణెం మీంచి 1964లో పోయింది. అణా అంటే ఆరుంబావు నయాపైసలు. లెక్క సర్ది అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25 తీసుకునేవారు. అణా వస్తువుని నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24, ఒకేసారి కొంటే 25. ఈ ఒక్క నయాపైస లాభం గురించి అడిగి చూడండి. సేరు, ఛటాకు అన్నారంటే కిలోలు దశలవారీగా వచ్చిన 1958కి ముందో, ఆ దగ్గర్లోనో. సేరు 933 గ్రాములు, ఛటాకు అందులో పదహారో వంతు. ఎవరింట్లోనైనా టీవీ చూశానంటే 1959 సెప్టెంబరు 15 తర్వాత, దేశంలో మొదటి ప్రసారం ఆ రోజే ఢిల్లీలో మొదలైంది.

పాత ఉత్తరాలుంటే చిరునామాలు చూడండి. వినయ్ నగర్ అని కనిపిస్తే కంగారుపడకండి, ఇప్పటి సరోజినీ నగర్ ప్రాంతమే అది. తెలుగు ఇల్లు కాబట్టి ఆంధ్రా స్కూలు సంగతి తప్పకుండా అడగండి. దాన్ని నడిపే ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ 1948లో దుర్గాబాయమ్మగారి (దుర్గాబాయి దేశ్‌ముఖ్) చొరవతో ఏర్పడింది.

తిండి దగ్గర ఆయనే ఆగకుండా చెబుతారు, మీరు పేర్లు అందిస్తే చాలు: చలికాలం గజక్, రేవడీ (నువ్వుల మిఠాయిలు), బూడిదలో కాల్చిన చిలగడదుంప, వేరుశనగ గంపమీద వెచ్చదనానికి పెట్టిన పొగకుండ, జూలైలో న్యూఢిల్లీ రోడ్లపక్క చెట్ల కింద ఏరుకున్న నేరేడుపళ్ళు. పంజాబు నుంచి వచ్చినవాళ్ళు ఉన్న పేటల్లో సాయంత్రం పిండిముద్ద పళ్ళెంలో పట్టుకెళ్ళి ఉమ్మడి తందూరులో రొట్టెలు కాల్పించుకునేవారు. ఆ పళ్ళెం మోసింది కూడా పిల్లలే.

చివరగా పాల సీసాలు. 1959లో ఢిల్లీ మిల్క్ స్కీమ్ మొదలయ్యాక తెల్లవారకముందే బూత్ దగ్గర వరస. ఖాళీ గాజు సీసాలు తిరిగిస్తేనే నిండువి ఇచ్చేవారు. చలిలో గడ్డకట్టినట్టున్న సీసాని వేడినీళ్ళతో కడిగితే టప్పుమని పగిలేది, ఆ పూటకి పాలు లేనట్టే. చలికి నిలబడలేక పిల్లలు వరసలో తమ బదులు ఏదో ఒకటి పెట్టి వచ్చేవారు. మీ నాన్నగారు ఏం పెట్టేవారో కనుక్కోండి: ఇటుకా, చెప్పులా, సీసాల సంచీయా?