ఓర్లాండో డిస్నీ టికెట్లు: హాపర్ తీసుకోవాలా?

అమ్మానాన్నలు, రెండున్నరేళ్ల పాపతో నాలుగు రోజులు వెళ్తున్నాం, హాపర్ (ఒకే రోజు ఒకటికి మించి పార్కులు తిరగనిచ్చే టికెట్) తీసుకోవాలా అని అడిగారు, 2017 నాటి టికెట్ల లెక్క కుదరడం లేదన్నారు కదండీ. 2018 అక్టోబర్ నుంచి డిస్నీ వరల్డ్‌లో రేటు తేదీని బట్టి మారుతోంది. క్రిస్మస్ వారం మాత్రం వద్దు. పాపకి మూడేళ్లు నిండకపోతే టికెట్టే అక్కర్లేదు.

నాలుగు రోజుల టికెట్‌ని ఏడు రోజుల్లోగా వాడుకోవచ్చు కాబట్టి మధ్యలో ఒక రోజు పెద్దవాళ్లని విశ్రాంతి తీసుకోనివ్వండి. హాపర్ మీకు దండగ. అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు నుంచి మెయిన్ పార్కింగ్‌కి రావాలంటేనే మోనోరైలో ఫెర్రీయో ఎక్కాలి. మోకాళ్ల నొప్పులతో అమ్మగారు రోజుకి రెండు పార్కులు తిరగలేరు.

రైడ్ల దగ్గర పొడవైన క్యూ తప్పించే అప్పటి ఉచిత ఫాస్ట్‌పాస్ పోయింది. ఇప్పుడు దాని బదులు వచ్చిన లైట్నింగ్ లేన్‌కి విడిగా కట్టాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్లే రోజుకి మాత్రం అది కొనండి చాలు. డిస్నీది కాని బయటి హోటల్లో దిగితే మూడు రోజుల ముందు, పొద్దున్న 7కే బుక్ చేసేయండి.