పగ్గాలు లాగితే ఇంకా ఉరుకుతోంది!

ప్రశ్న: సార్, మలక్‌పేట రేసుల్లో పరిగెత్తి రిటైరైన ఐదేళ్ల గుర్రాన్ని కొన్నాం. ఆపుదామని పగ్గాలు లాగితే ఇంకా వేగంగా ఉరుకుతోంది. ఎక్కాలంటేనే టెన్షన్. దీని పొగరు దించేదెలా?
– ఒక పాఠకుడు, శంషాబాద్

జవాబు: పొగరు అనకండి, పాపం దానికి నేర్పిందే అది. రేసులో జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే, గుర్రం కళ్లేనికి ఆనుకుని పరిగెడుతుంది. మీరు రెండు చేతులా లాగినా దానికి అదే అర్థమవుతుంది.

ముందు పశువైద్యుడికి పళ్లు, వెన్ను చూపించండి. పైదవడ పళ్ల అంచులు పదునెక్కి బుగ్గలోపల కోసుకుంటుంటే ఏ గుర్రమైనా తల ఎగరేస్తుంది. జీను వెన్నెముకను నొక్కుతోందేమో చూడండి. ఓట్స్, ఉలవలు మెల్లగా తగ్గించి గడ్డి పెంచండి. కొన్ని వారాలు ఎక్కకుండా ఆరుబయట తిరగనివ్వండి.

తర్వాత కంచె ఉన్న చోట నడకతోనే మొదలుపెట్టండి. ఒక పగ్గాన్నే మెల్లగా పక్కకు తీసి గుండ్రంగా తిప్పండి. అడుగు నెమ్మదించిన ఆ క్షణంలోనే వేళ్లు వదులు చేయాలి. నేను పట్టుబట్టేది దీని మీదే. ఆలస్యమైతే దేనికి వదిలారో దానికి తెలియదు. ఒక చెవి మీ వైపు తిరిగిందంటే మీ మాట వింటోందన్నమాట. ఇదంతా నడకలోనే నేర్పండి. దౌడులో ఉన్నదాన్ని ఒక్కసారిగా తిప్పితే గుర్రం, మీరు ఇద్దరూ పడతారు.